ఐఎఫ్ఎస్ రాలేదు, ఖైదీల జాబితా దొరికింది: నా అనుభవం

2024 ఏప్రిల్ 16, మంగళవారం. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాను. గ్రూపులో సివిల్స్ తుది ఫలితాల పీడీఎఫ్ వచ్చి పడింది. 1016 పేర్లు. ఎడమచేత్తో నా పేరు కొట్టి వెతికితే రెండుచోట్ల కనిపించింది. ఒక్క క్షణం ఒళ్ళంతా జిల్లుమంది. రోల్ నంబర్లు చూస్తే రెండూ నావి కావు. నా పేరు మరీ అంత మామూలు పేరని అప్పటిదాకా తెలియదు.

అమ్మ మజ్జిగ పోస్తూ "వచ్చిందా?" అంది.

"లేదమ్మా."

"సరే, ముందు తిను. చల్లారిపోతోంది."

సివిల్స్ రాసి విదేశాంగ సేవ ఐఎఫ్ఎస్‌లోకి వెళ్దామనుకున్న నేను, ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఆగిపోయి, చివరికి చెన్నైలోనే దక్షిణాసియా భద్రత మీద పనిచేసే ఒక చిన్న పరిశోధన సంస్థలో చేరాను. ఇందులో నాలుగేళ్ళు పోయాయి. ఈ దారిలో ఉన్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది మూడే: ఎంత కాలం, ఎంత ఖర్చు, ఇంట్లో ఏమన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పెరంబూరు. నాన్న రైలు పెట్టెలు చేసే ఐసీఎఫ్‌లో పనిచేసి రిటైరయ్యారు. అమ్మది శ్రీకాకుళం తీరంలో ఒక పల్లె. అక్కడివాళ్ళు సీజన్‌కు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి బోట్ల మీద కూలికి పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 22 మందిని పాకిస్తాన్ పట్టుకుంది. అమ్మమ్మ వాళ్ళ చుట్టుపక్కల ఊళ్ళన్నీ గొల్లుమన్నాయి. నేనప్పుడు మద్రాసు యూనివర్సిటీలో డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ ఎం.ఏ.లో చేరి నాలుగు నెలలు. అమ్మమ్మ ఫోన్ చేసి, "నువ్వు ఆ దేశాల సదువే కదే సదువుతున్నావు. మనోల్ని ఎప్పుడొగ్గేస్తారో సెప్పలేవేటి?" అంది. నా దగ్గర జవాబు లేదు. క్లాసులో అణు నిరోధక సిద్ధాంతాలు చదువుతున్నాం. పట్టుబడ్డ కూలీని ఎలా విడిపిస్తారో మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. 14 నెలలు పట్టింది. ఐఎఫ్ఎస్ అన్న మాట నా బుర్రలో గట్టిగా పడింది ఆ మధ్యకాలంలోనే.

మొదటి రెండు ప్రయత్నాల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 2021లో ప్రిలిమ్స్ కోవిడ్ వల్ల జూన్ నుంచి అక్టోబరు 10కి వాయిదా పడింది, అందులో పోయింది. 2022లో మెయిన్స్ దాకా వెళ్ళాను, అక్కడ పోయింది. అన్నానగర్‌లో కోచింగ్‌కు మొదటి ఏడాది 1,10,000 రూపాయలు కట్టాం. రెండో ఏడాది నుంచి టెస్ట్ సిరీస్ మాత్రమే, 14,000. మిగతా చదువంతా కోట్టూర్‌పురం అన్నా శతజయంతి లైబ్రరీలో. ఎండాకాలం ఏసీ, తాగునీళ్ళు, కరెంటు, అన్నీ ఉచితం. అక్కడి ఏసీకి నేనొక ర్యాంకు రుణపడి ఉన్నాను, ర్యాంకు వచ్చుంటే తీర్చేదాన్ని. పరీక్ష ఫీజు ఆడవాళ్ళకు లేదు. చాలామంది అమ్మాయిలకు ఈ సంగతి అప్లికేషన్ నింపేదాకా తెలియదు.

మూడోసారి 2023 మే 28న ప్రిలిమ్స్. పదిహేను రోజులకే, జూన్ 12న ఫలితం. తమిళనాడు ప్రభుత్వం నాన్ ముదల్వన్ పథకం కింద ప్రిలిమ్స్ దాటినవాళ్ళకు ఇచ్చే 25,000 రూపాయలు నాకూ వచ్చాయి. తమిళనాడు వాసులైతే చాలు, మాతృభాష ఏదని ఎవరూ అడగరు. "మనం తెలుగువాళ్ళం కదా, మనకెందుకిస్తారు" అని నాన్న చివరి రోజుదాకా నమ్మలేదు.

మెయిన్స్ సెప్టెంబరు 15 నుంచి 24 దాకా, ఐదు రోజులు, తొమ్మిది పేపర్లు. అందరూ జనరల్ స్టడీస్ గురించి భయపడతారు. నన్ను భయపెట్టింది 23వ తేదీ తెలుగు పేపర్. 300 మార్కులకు 25 శాతం వస్తే చాలు, కానీ రాకపోతే మిగతా పేపర్లన్నీ వృథా. నేను స్కూల్లో హిందీ చదివాను. తెలుగు అమ్మ పెద్దబాలశిక్ష పెట్టి నేర్పింది. చదవడం బాగా వచ్చు, చేత్తో రాయడం రాదు. ఆగస్టు నెలంతా రోజూ రాత్రి అరగంట పేపర్లో సంపాదకీయం ఎత్తిరాశాను. మొదటివారం పేజీకి పాతిక నిమిషాలు పట్టింది, చివరివారం పన్నెండు. అమ్మ ఎర్ర పెన్నుతో ఒత్తులు దిద్దేది. పరీక్ష హాల్లో నా వరుసలో తెలుగు పేపర్ తీసుకున్నది నేనొక్కదాన్నే. ఇన్విజిలేటర్ రెండుసార్లు వచ్చి సరైన పేపరే ఇచ్చామా అని చూసుకుంది.

ఆ తర్వాత 75 రోజులు ఎదురుచూపు. ఈ 75 రోజుల గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ఇంటర్వ్యూకు తయారవ్వాలంటారు, కానీ పిలుపు వస్తుందో రాదో తెలియకుండా తయారవడం ఎలా? నేను అక్టోబరంతా పడుకున్నాను, నవంబరంతా పడుకున్నందుకు తిట్టుకున్నాను. డిసెంబరు 8న ఫలితం వచ్చింది, నా నంబరుంది. ఆ రాత్రి నాన్న రైల్వే కాలనీలో నలుగురికి ఫోన్ చేసి, చివరికి అందరికీ ఒకే మాట చెప్పారు: "ఇంకా ఉద్యోగం రాలేదండీ, ఢిల్లీ పిలిచారంతే."

వెంటనే రెండో వివరాల ఫారం నింపాలి. ఏ సర్వీసు ముందు కావాలో అప్పట్లో అందులోనే రాయాల్సి ఉండేది. నేను ఐఎఫ్ఎస్ మొదట, ఐఏఎస్ రెండోది పెట్టాను. ఆ ఏడు ఐఎఫ్ఎస్ పోస్టులు 37, ఐఏఎస్ 180. స్నేహితులు తలపట్టుకున్నారు. "అక్కా, ఐఏఎస్ వస్తే నీ ఊరికి నువ్వే కలెక్టరు, ఇదేమిటి ఎక్కడో థర్డ్ సెక్రటరీ" అన్నాడు నెల్లూరు నుంచి వచ్చి మాతో చదువుకునే తమ్ముడొకడు. ఒక సంగతి మాత్రం చెప్పాలి: మన రాయబార కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళందరూ ఐఎఫ్ఎస్‌లు కారు. మా బ్యాచ్ అమ్మాయి స్టాఫ్ సెలక్షన్ సీజీఎల్ రాసి విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్‌గా చేరింది. నాకంటే ముందే ఆమె చేతికి ఆ శాఖ గుర్తింపు కార్డు వచ్చింది. ఆ దారి గురించి నేను ఎప్పుడూ సీరియస్‌గా ఆలోచించలేదు. అది నా పొగరే.

నా ఇంటర్వ్యూ 2024 ఫిబ్రవరి 27, ఉదయం పూట. 24 రాత్రి పది గంటలకు సెంట్రల్‌లో తమిళనాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అమ్మ విమానంలో వెళ్ళమంది. నేనే వద్దన్నాను, రెండు రాత్రులు రైల్లో నోట్సు తిరగేయొచ్చని. నాగపూర్ దాటాక నోట్సు మూసేసి పక్క బెర్త్ పాపతో అంత్యాక్షరి ఆడాను. థర్డ్ ఏసీలో వెళ్ళినా పరీక్ష పెట్టే యూపీఎస్సీ తిరిగి ఇచ్చేది స్లీపర్ ఛార్జీ లెక్కనే. టికెట్ ప్రింటు దగ్గర పెట్టుకోండి, ఫారం అక్కడే నింపాలి. మొత్తం ఢిల్లీ ప్రయాణానికి 17,400 రూపాయలైంది. అందులో 3,200 నేత చీరకు, దాని మీదకు జాకెట్టు కుట్టించినందుకు 900. టైలరు "పెళ్ళిచూపులా?" అని అడిగాడు. దాదాపు అంతే అన్నాను. ముందురోజు మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ భోజనం చేశాను. గోంగూర పచ్చడి చూడగానే కళ్ళనీళ్ళు వచ్చాయి, ఎందుకో తెలియదు, ఇల్లు వదిలి రెండు రోజులే అయింది.

షాజహాన్ రోడ్డులో యూపీఎస్సీ ఆఫీసు, ధోల్‌పూర్ హౌస్. ఫోన్ గేటు దగ్గరే పెట్టేయాలి. సర్టిఫికెట్లు చూస్తారు, బల్లల చుట్టూ కూర్చోబెడతారు, టీ ఇస్తారు. ఏ బోర్డు ముందుకు వెళ్తున్నామో లోపలికి వెళ్ళేముందే తెలుస్తుంది. మా బల్ల మీద ఐదుగురం. ఒకబ్బాయి తన గ్లాసు నీళ్ళు తాగి, తెలియకుండా నా గ్లాసు కూడా తాగేశాడు. నా వంతు వచ్చేసరికి పదకొండున్నర.

లోపల దాదాపు అరగంట. ఐఎఫ్ఎస్ మొదటి ప్రాధాన్యం ఎందుకని అడిగారు, వేరావల్ కథ చెప్పాను, బాగానే విన్నారు. తర్వాత ఒకాయన శ్రీలంకతో మన జాలర్ల సమస్యకు పరిష్కారం అడిగారు. నేను నోట్సులో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను: ఇరువైపులా బతుకుతెరువు, 2016లో పెట్టిన సంయుక్త కార్యబృందం, లోతు సముద్రంలో వేటకు మళ్ళించడం, మానవతా దృక్పథం. ఆయన మెల్లగా అడిగారు, "శ్రీలంక బాటమ్ ట్రాలింగ్‌ను ఏ సంవత్సరంలో నిషేధించింది?" సముద్రం అడుగున వల ఈడ్చే వేట అది. 2018 అన్నాను. ఆయన ఏమీ అనలేదు, తలూపారు. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. నిషేధం 2017. 2018లో వచ్చింది విదేశీ బోట్ల మీద జరిమానాలు పెంచిన సవరణ. నేను చెన్నైలో పుట్టి పెరిగినదాన్ని. రామేశ్వరం బోట్ల వార్త లేని వారం మా ఇంటి పేపర్లో ఉండదు.

మర్నాడు ఢిల్లీలోనే వైద్య పరీక్షలు. పరగడుపున వెళ్ళాలి, పూటంతా పడుతుంది. ఆ సాయంత్రమే తిరుగు రైలు ఎక్కాలనుకునేవాళ్ళు కొంచెం జాగ్రత్త.

తర్వాత ఏప్రిల్ 16. ఆ మజ్జిగన్నం సంగతి పైన చెప్పాను. కొన్నాళ్ళకు మార్కులు పెట్టారు. రాతపరీక్షలో 772, ఇంటర్వ్యూలో 159, మొత్తం 931. జనరల్ కటాఫ్ 953. 22 మార్కులు. 22 మంది జాలర్లు, 22 మార్కులు. ఇలాంటి పోలికలు వెతుక్కోవడం మొదలైందంటే మనిషికి కాస్త విశ్రాంతి కావాలని అర్థం. విశ్రాంతి తీసుకోలేదు.

ఆ జూన్ నెల నా జన్మలో మరిచిపోను. 16న మళ్ళీ ప్రిలిమ్స్, 18న లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్. నెట్‌కు 1,150 రూపాయలు కట్టి, డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ సబ్జెక్టు తీసుకున్నాను. పేపరు బాగా రాశాను. చాన్నాళ్ళ తర్వాత ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. 19 రాత్రి పరీక్షే రద్దయిందని వార్త. దేశం మొత్తానికి. జులై 1న ప్రిలిమ్స్ ఫలితం, అందులోనూ నేను లేను. పదిహేను రోజుల్లో రెండు దెబ్బలు. ఆ వారం పెద్దమ్మ కూతురి పెళ్ళికి నెల్లూరు వెళ్ళాల్సి ఉండగా, టెన్షన్‌తో జ్వరం తెచ్చుకుని ఇంట్లో పడుకున్నాను. ఆ జ్వరం నిజమేనా అని అమ్మకు ఇప్పటికీ అనుమానం.

నెట్ మళ్ళీ ఆగస్టు 21 నుంచి సెప్టెంబరు 4 మధ్య కంప్యూటర్ మీద పెట్టారు. అక్టోబరు 17న ఫలితం. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అర్హత వచ్చింది, జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, రాలేదు. జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకు 37,000. అది రాకపోతే పీహెచ్‌డీ మీ ఖర్చు, మీ ఓపిక.

ఈలోగా జులై నుంచే పరిశోధన సంస్థలకు దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాను. మొత్తం 14. జవాబు వచ్చినవి నాలుగు. ఢిల్లీలో ఒక చోట రెండు రౌండ్లు అయ్యాయి, తర్వాత అలికిడి లేదు. ఇంకోచోట ఎంపిక చేస్తామన్నారు, నెలకు 25,000. ఢిల్లీలో అమ్మాయికి కాస్త భద్రమైన గది అద్దె, తిండి పోను ఎంత మిగులుతుందో నాన్న క్యాలెండర్ వెనక లెక్కవేసి చూపించారు. మిగలదు, తగ్గుతుంది. బెంగళూరులోనూ ప్రయత్నించాను, వాళ్ళకు అంతరిక్షం, అణు విషయాల్లో సైన్స్ చదివినవాళ్ళు కావాలి. అదీ న్యాయమే. ఇవన్నీ ఒప్పంద ఉద్యోగాలని, పీహెచ్‌డీ లేకపోతే మెట్టు మారడం కష్టమని ప్రకటనల్లో రాయరు, ఇంటర్వ్యూ చివర్లో మనం అడిగితే చెబుతారు. అడగండి.

అసలు తప్పు నా రాత నమూనాలో ఉంది. ప్రతి దరఖాస్తుకు ఒక రాత నమూనా జతచేయాలి. నేను పంపింది "భారత్, పొరుగు దేశాలు: సవాళ్ళు, అవకాశాలు" తరహా మూడు వేల మాటల వ్యాసం. ఎం.ఏ.లో మా సీనియర్ అక్కకు పంపితే చదివి ఫోన్ చేసింది. "బాగుంది. కానీ ఇది అన్నానగర్‌లో ఏ టీకొట్టు దగ్గర నిలబడ్డా దొరుకుతుంది. నీకే తెలిసింది, ఇంకొకరికి తెలియంది ఏదైనా ఉందా?" కోపమొచ్చింది. రెండు రోజులు ఆమె మెసేజ్‌లకు జవాబివ్వలేదు. మూడో రోజు అమ్మమ్మకు ఫోన్ చేశాను.

భారత్, పాకిస్తాన్ ఏటా జనవరి 1న, జులై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశపు పౌర ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. 2008 ఒప్పందం ప్రకారం. విదేశాంగ శాఖ ఆ రోజే పత్రికా ప్రకటన పెడుతుంది. ఎం.ఏ. చదివినా, నాలుగుసార్లు పరీక్ష రాసినా, ఆ ప్రకటనలను ఒక్కదాన్ని కూడా నేను పూర్తిగా చదవలేదు. అన్నీ వెతికి తీసి, ఎక్సెల్‌లో ఒక్కో వరుసగా ఎక్కించాను. లైబ్రరీలో నెలన్నర పట్టింది. పాత ప్రకటనల్లో కొన్నిటి పదజాలం వేరు, కొన్నిటిలో పౌరులు, మత్స్యకారులు కలిసిపోయి ఉంటారు.

అక్టోబరు చివర్లో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. పక్క ఊళ్ళో ఒకావిడ, 2020లో భర్త తిరిగొచ్చిన మనిషి, నాతో మాట్లాడ్డానికి ఒప్పుకుంది. మాటల మధ్య లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. చీర కొన్న కవరు, నాలుగు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంది. లోపల భర్త ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు జిరాక్సులు, ఓటరు కార్డు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, అన్నీ ఐదేసి కాపీలు. "మనిసొచ్చేసినాడు కదమ్మా, ఇవింకా ఎందుకు?" అని అమ్మమ్మ అడిగింది. "ఎవులు ఎప్పుడొచ్చి అడుగుతారో" అందామె. పట్టుబడ్డ మనిషి మనవాడేనని ఇక్కణ్ణుంచి నిర్ధారణ వెళ్తేగానీ అక్కడ విడుదల కదలదు. ఆ నిర్ధారణ కోసం అధికారులు ఎన్నిసార్లు వచ్చి అవే కాగితాలు అడిగారో ఆమె వేళ్ళమీద లెక్కపెట్టింది. ఒక చేయి సరిపోలేదు.

2025 జనవరి మొదటివారం చెన్నైలోనే ఒక చిన్న సంస్థ పరీక్షకు పిలిచింది. 8వ తేదీ, మూడు గంటలు, వెయ్యి మాటలు, ఇంటర్నెట్ వాడుకోవచ్చు. గడచిన పది రోజుల్లో వచ్చిన ఏదైనా ఒక ప్రభుత్వ ప్రకటన మీద రాయమన్నారు. నా అదృష్టం, జనవరి 1 జాబితా వచ్చి వారమే అయింది. పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో మనవాళ్ళు 49 మంది పౌర ఖైదీలు, 217 మంది మత్స్యకారులు. మనమిచ్చిన దాంట్లో 381, 81. కళ్ళు మూసుకుని రాసినట్టు రాసేశాను.

20వ తేదీ ఇంటర్వ్యూ. బల్లకు అవతల నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒకాయన. విశాఖలో చాన్నాళ్ళు ఉన్నారట, తెలుగు బాగా వచ్చు. నా కాగితం ప్రింటు తీసి, చేతిలో పెన్సిల్ పట్టుకున్నారు. రెండో పేరాలో "పాకిస్తానీ" అన్న మాట చుట్టూ సున్నా చుట్టారు.

"ప్రకటన ఇంకోసారి చదువమ్మా."

ఫోన్‌లో తెరిచి చదివాను. మన దగ్గరున్న 381 మంది, 81 మంది "పాకిస్తానీయులు, లేదా పాకిస్తానీయులని భావిస్తున్నవారు" అని ఉంది. ఆ వాక్యం నేను అప్పటికి ఎన్నిసార్లు చదివానో. ప్రతిసారీ నా కన్ను ఆ రెండో ముక్క మీంచి జారిపోయింది. ధోల్‌పూర్ హౌస్ మెట్లు గుర్తొచ్చాయి. అయిపోయిందనుకున్నాను.

"ఆ మాట ఎందుకు పెట్టారు మరి?" అన్నారాయన.

అప్పుడు బియ్యం డబ్బా వెనక కవరు గుర్తొచ్చింది. జైల్లో ఉన్న మనిషి ఫలానా దేశంవాడని ఆ దేశం ఒప్పుకునేదాకా అతను ఎవరివాడూ కాడు, ఇటు కూడా అలాంటివాళ్ళు ఉండి ఉంటారు, అందుకే ఆ మాట అని చెప్పాను. ఆ ఐదేసి జిరాక్సుల సంగతీ చెప్పాను. ఆయన పెన్సిల్ కింద పెట్టి, "ఆ కవరు సంగతి ఇందులో ఎందుకు రాయలేదు?" అన్నారు. పరిశోధన అంటే అలాంటివి రాయకూడదేమో అనుకున్నానని చెప్పాను. తర్వాత ఇరవై నిమిషాలు ఆయన అడిగిందంతా ఆ ఊరి గురించే.

ఫిబ్రవరి 3న చేరాను. ఆరు నెలల ఒప్పందం, నెలకు 30,000. చేతికొచ్చింది 27,000. ఉద్యోగి జీతంగా కాక వృత్తి ఫీజుగా ఇస్తారు కాబట్టి 10 శాతం టీడీఎస్ కోస్తారు, రిటర్ను వేస్తే వెనక్కి వస్తుంది. పీఎఫ్ లేదు. బల్ల, కుర్చీ, కంప్యూటరు, రోజుకు రెండు ఫిల్టర్ కాఫీలు ఉన్నాయి. పొద్దున్నే ఇస్లామాబాద్, కొలంబో, ఢాకా, ఖాట్మండు పత్రికలు చదివి తొమ్మిదిన్నరకల్లా ఒక పేజీ సారాంశం ఇవ్వాలి. మిగతా రోజంతా పెద్దవాళ్ళ వ్యాసాల్లో ప్రతి అంకెకూ మూలం వెతకడం. ఎవరన్నారు, ఏ రోజు, ఏ మాటతో. మొదటి నెల విసుగొచ్చింది. దేశాల తలరాతలు మార్చే పని అనుకుని వచ్చి ఫుట్‌నోట్లు దిద్దుతున్నానని.

మార్చిలో ఒక పెళ్ళిలో బాబాయ్ అడిగారు, "ఏం చేస్తున్నావమ్మా ఇప్పుడు?"

"రీసెర్చ్, బాబాయ్."

"మందుల కంపెనీయా?"

"కాదు, పొరుగు దేశాల గురించి."

ఆయన గొంతు తగ్గించి, "గూఢచారి పనా?" అన్నారు. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. నా గౌరవం ఆ పెళ్ళిలో పెరిగిందని తర్వాత అమ్మ చెప్పింది, పెరగనిమ్మంది.

ఏప్రిల్ 22న సివిల్స్ తుది ఫలితాలు వచ్చాయి. నాతో చదివినవాళ్ళు ఇద్దరు పాసయ్యారు. లంచ్ టైములో ఫోన్‌లో అభినందిస్తూ, గొంతు మామూలుగా ఉంచడానికి మెట్ల మీదకు వెళ్ళాను. ఐఎఫ్ఎస్ పోస్టులు ఆ ఏడు 55. అది తెలిసి ఇంకొంచెం బాధేసింది. ఆ బాధ తీరకముందే పహల్గాం ఉగ్రదాడి వార్త. 26 మంది. ఆఫీసు గ్రూపులో ఒకటే వాక్యం: రేపు ఎనిమిదికి అందరూ.

23 రాత్రి కేబినెట్ కమిటీ నిర్ణయాలు వచ్చాయి. సింధు జలాల ఒప్పందం నిలుపుదల, అట్టారీ సరిహద్దు మూత, రక్షణ సలహాదారుల బహిష్కరణ, హైకమిషన్ల సిబ్బంది 55 నుంచి 30కి. ఇంట్లో టీవీలో అప్పటికే ఒప్పందం "రద్దు" అంటున్నారు. నాన్న గట్టిగా పెట్టి చూస్తున్నారు. "రద్దు కాదు నాన్నా, నిలుపుదల" అన్నాను. "రెండూ ఒకటే కదే" అన్నారు. వంటింట్లోంచి అమ్మ, "పెళ్ళి వాయిదా పడ్డం, సంబంధం తప్పిపోవడం ఒకటేనా?" అంది. మర్నాడు ఆఫీసులో తేడా వివరించడానికి రెండు పేజీలు రాశాను, అమ్మ చెప్పినంత బాగా రాలేదు. రెండు దేశాలూ దాడులు చేసుకున్న మే 7 నుంచి 10 దాకా నా పనంతా ఒక పట్టిక: ఏ ప్రభుత్వం ఏ సమయానికి అధికారికంగా ఏమంది. టీవీలో చెప్పింది అందులోకి రాకూడదు. ఆ నాలుగు రోజుల్లో టీవీ చెప్పినవాటిలో ఎన్ని ఆ పట్టికలోకి రాలేదో చూశాక నాన్నే సౌండు తగ్గించారు.

మే 25న మళ్ళీ ప్రిలిమ్స్. ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టాను, అడ్మిట్ కార్డు కూడా తీసుకున్నాను. కనీసం ఒక పేపరు రాస్తేనే అవకాశం ఒకటి ఖర్చయినట్టు, వెళ్ళకపోతే కాదు. ఆదివారం ఆరింటికే నాన్న స్కూటరు తుడిచి కింద నిలబడ్డారు. నేను నైటీలోనే బాల్కనీలోకి వచ్చి, "ఇవాళ వెళ్ళడం లేదు నాన్నా" అన్నాను. ఆయన ఒక నిమిషం పైకి చూశారు. తర్వాత స్కూటరు స్టార్ట్ చేసి, "అయితే చేపలు తెస్తా" అని వెళ్ళిపోయారు. నాకింకా రెండు అవకాశాలున్నాయి. ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తడం లేదు.

జూన్ చివర్లో ఒప్పందం ఇంకో ఏడాది పొడిగించారు, 34,000కు.

జులై 1, మంగళవారం. యుద్ధం అంచుకు వెళ్ళొచ్చి రెండు నెలలు కూడా కాలేదు, ఈసారి జాబితాలు ఇచ్చుకుంటారా లేదా అని ఆఫీసులో పందెం. నేను ఇస్తారన్నాను, ఫిల్టర్ కాఫీ పందెం. ప్రకటన వచ్చేదాకా విదేశాంగ శాఖ పేజీని ఎన్నిసార్లు రిఫ్రెష్ చేశానో లెక్కలేదు. వచ్చింది. మన దగ్గర 382, 81. అటువైపు మనవాళ్ళు 53 మంది పౌర ఖైదీలు, 193 మంది మత్స్యకారులు. "భావిస్తున్నవారు" అన్న మాట ఉందో లేదో ముందు చూశాను, ఉంది.

సాయంత్రం అమ్మమ్మకు ఫోన్ చేశాను. "అందులో మన పక్కోళ్ళు ఎవులైనా ఉన్నారేటి?" అంది.

"ఆ ప్రకటనలో పేర్లుండవు అమ్మమ్మా. లెక్కే ఉంటుంది."

"పేర్లేని లెక్కతో ఏటి సేస్తావే?"

ఫోన్ పెట్టేసి ఎక్సెల్ తెరిచాను. జనవరిలో 217, ఇప్పుడు 193, తేడా 24. ఫిబ్రవరిలో వాఘా దాటి వచ్చినవాళ్ళు 22 మంది. ఆ వరుసలో 22 ఎదురుగా తేదీ రాశాను. మిగిలిన రెండు ఎదురుగా ఏమీ రాయకుండా, గడికి పసుపు రంగు వేసి సేవ్ చేశాను.